కత్తిపీట దిగి కత్తి పట్టుకున్నాక

పోయిన నెల ఈ శీర్షికలో రుబ్బురోలు సంగతి రాస్తూ, మాటల్లో మాటగా "మా ఇంట్లో రోజూ వాడే కత్తి ఒక్కటే, దానికి పదకొండేళ్లు" అన్నాను. ఆ ఒక్క మాటకి వచ్చినన్ని ఉత్తరాలు రుబ్బురోలుకి రాలేదు. అందుకే ఈ నెల కత్తులకే కేటాయిస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్లకి నా గురించి రెండు ముక్కలు. మా నాన్న రాజోలు దగ్గర ఒక పల్లెలో కమ్మరి. కొడవళ్లు, బొండాల కత్తులు, కత్తిపీటలు చేసేవారు. కొలిమి దగ్గర తిత్తి ఊదుతూ పెరిగాను. పెళ్లయి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాను. పాలకొల్లులో ఇరవై రెండేళ్లు కర్రీ పాయింట్ నడిపాను. కత్తి ఎలా పుడుతుందో పుట్టింట్లో చూశాను, ఎలా అరుగుతుందో మెట్టినింట్లో చూశాను. ఆ రెండూ కలిపి చెబుతున్న జవాబులివి.

పిన్నిగారూ, నాకు పెళ్లయి ఏడు నెలలైంది. మా అత్తయ్యగారు కత్తిపీట మీదే తరుగుతారు. నాకేమో కింద కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆన్‌లైన్‌లో చెక్క స్టాండుతో సహా పన్నెండు ముక్కల కత్తుల సెట్ చూశాను. కొనమంటారా? కత్తితో తరిగితే ముక్కలు సమంగా రావంటారు అత్తయ్యగారు. నిజమేనా?
– ఒక కొత్త కోడలు, అమలాపురం

సెట్ వద్దు తల్లీ. అలాంటి సెట్లలో సగం దాకా భోజనం బల్ల దగ్గర మాంసం కోసుకునే చిన్న కత్తులే ఉంటాయి. ఒకటి కత్తెర, ఇంకొకటి స్టాండు. మన ఇళ్లల్లో వాటిని ముట్టుకునేవాళ్లుండరు. మిగిలినవాటిలో నువ్వు రోజూ చేతిలోకి తీసుకునేది ఒక్కటే. ఆ డబ్బంతా ఆ ఒక్కదాని మీద పెట్టు. బ్లేడు ఎనిమిది అంగుళాలున్న షెఫ్ నైఫ్ ఒకటి, వెల్లుల్లి, పచ్చిమిర్చి లాంటి చిన్న పనులకి మూడున్నర అంగుళాల చాకు ఒకటి ఉంటే ఇల్లు గడిచిపోతుంది. చెయ్యి మరీ చిన్నదైతే ఏడంగుళాల శాంటోకు తీసుకో. అది జపాన్ వాళ్ల వంటింటి కత్తి, అంచు దాదాపు తిన్నగా ఉంటుంది. ఆకుకూరలకీ ఉల్లిపాయలకీ చాలా హాయి.

ఆరంగుళాలది చాలదా అంటావేమో. మన ఆనపకాయలూ, గుమ్మడికాయలూ చూశావుగా. బ్లేడు కాయ కంటే పొట్టిగా ఉంటే సగం దిగి ఇరుక్కుంటుంది. దాన్ని ఊపి లాగేటప్పుడే చెయ్యి జారుతుంది.

రెండోసారి నుంచి ఆన్‌లైన్‌లో కొన్నా పరవాలేదు, మొదటి కత్తి మాత్రం షాపుకెళ్లి చేత్తో పట్టుకుని కొనుక్కో. బొటనవేలూ, చూపుడువేలూ పిడి దాటించి బ్లేడు మొదట్లో చెరో పక్కా పట్టు. మిగతా మూడు వేళ్లు పిడి చుట్టూ ఉండాలి. అలా పట్టుకున్నప్పుడు కత్తి ముందుకి తూలకుండా కుదురుగా ఉంటే అది నీ చేతికి సరిపోయినట్టే. తరుగుతున్నట్టుగా కౌంటర్ మీద ఆనించి చూడు. వేళ్ల కణుపులు బల్లకి కొట్టుకుంటున్నాయా, ఆ కత్తి నీకొద్దు. బ్లేడు వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంటే సాధారణంగా కొట్టుకోవు. తర్వాత వీపు వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే వంకర ఉందో లేదో తెలిసిపోతుంది. వీపు మందం రెండు మిల్లీమీటర్లుంటే ఇంటి పనికి చాలు. మరీ మందమైన కత్తి క్యారెట్‌ని తరగదు, టప్పున చీలుస్తుంది. పిడికీ బ్లేడుకీ మధ్య గోరు దూరే సందు ఉంటే పక్కన పెట్టెయ్. చేపల నీసు అందులో చేరిందంటే ఎంత కడిగినా వదలదు.

చెక్క పిడి చూడముచ్చటగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వానాకాలం మన తేమకి ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలిస్తుంది. నా ఓటు ప్లాస్టిక్ పిడికే.

ఇంకో మాట. బ్లేడు మీద నీటి అలల్లాంటి గీతలు చూపించి డమాస్కస్ అని ఎక్కువ ధర చెబుతారు. చవక కత్తుల మీద చాలా వరకు అవి పైపైన చెక్కిన గీతలే. ఆ పేరుతో లోకమంతా చెప్పుకున్న పాత కత్తులకి ఉక్కు వెళ్లింది మన దక్షిణాది నుంచే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు. ఆ మాట మన "ఉక్కు"లోంచే పుట్టిందని చెబుతారు. ఎవరో ఈ సంగతి చెబితే మా నాన్న రెండు రోజులు కొలిమి దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి మురిసిపోయారు.

ఇక అత్తయ్యగారి మాట. ఆవిడ అన్నదాంట్లో నిజం ఉంది. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి. అందుకే ముక్క చెప్పినట్టు వింటుంది. కత్తితో అయితే ఒక చెయ్యే కాయని పట్టుకోవాలి. ఆ చేతి వేళ్ల కొసలు లోపలికి ముడిచి, కణుపులు ముందుకుంచి, బ్లేడు పక్క భాగం ఆ కణుపులకి ఆనుతూ దిగేలా చెయ్యి. ముక్క ఎంత మందం రావాలో ఆ కణుపులే కొలుస్తాయి. కాయని ముందు నిలువునా రెండు చెక్కలు చేసి, చదునైన వైపు పలక మీద పెడితే దొర్లదు. దోసకాయతో మొదలుపెట్టు. రెండు వారాలు తొందరపడకుండా తరిగాక ఒకరోజు గుత్తొంకాయకి వంకాయలు నువ్వు తీసుకో. బెండకాయ వేపుడు మాత్రం ఆవిడ చేతే తరిగించుకో, ఆవిడకీ బావుంటుంది.

మాకిద్దరు చిన్నపిల్లలు. పదునైన కత్తి ఇంట్లో ఉంటే ప్రమాదమని మావారు మొండి కత్తే ఉంచారు. దానితో టమాటా కోస్తే రసమే తప్ప ముక్క రాదు. ఆయనకెలా నచ్చచెప్పాలి?
– ఒక గృహిణి, తణుకు

అమ్మా, మీవారిని ఈ జవాబు చదవమనండి.

నా ఎడమచేతి చూపుడువేలి మీద కుట్ల గుర్తు ఉంది. అది పదునైన కత్తి చేసింది కాదు. కర్రీ పాయింట్ పెట్టిన రెండో ఏడు, కార్తీకమాసం, కంద బచ్చలికి పెద్ద ఆర్డరు. ఆ రోజు చేతికి దొరికింది పదును పోయిన కత్తి. కంద మీద పెడితే దిగలేదు. భుజం బలమంతా పెట్టి నొక్కాను. అది కంద పైచెక్కు మీద నుంచి జారి నేరుగా వేలి మీదికొచ్చింది. పదునుంటే కత్తి తన బరువుకే దిగుతుంది. పెట్టిన చోటే దిగుతుంది కాబట్టి మనం నొక్కక్కర్లేదు. మొండి కత్తికి నొక్కాలి, నొక్కినప్పుడు జారుతుంది, జారినప్పుడు ఆ బలమంతా వేలి మీద పడుతుంది. పైగా పదునైన కత్తి గాటు శుభ్రంగా ఉంటుంది, తొందరగా అతుక్కుంటుంది. మొండి కత్తిది నలిగిన గాయం.

పిల్లల భయం వేరే సంగతి, దానికి వేరే జాగ్రత్త ఉంది. కత్తి చెయ్యందని ఎత్తులో పెట్టండి. సింకులో గిన్నెల కింద ఎప్పుడూ వదలొద్దు. సబ్బు నురగలో కనపడని కత్తి పెద్దవాళ్ల చేతినీ కోస్తుంది. సొరుగులో చెంచాల మధ్య పడేస్తే అంచు పాడవుతుంది, వెతికే చెయ్యీ తెగుతుంది. మా ఇంట్లో పెళ్లి శుభలేఖల మందపు అట్టల్ని మడిచి, అంచు టేపుతో అంటించి కత్తికి ఒర చేస్తాం. నెలకొకటి మారుస్తాం, శుభలేఖలకి కొదవేముంది! చెయ్యి జారి కత్తి కింద పడుతుంటే పట్టుకోవద్దు. కాలు వెనక్కి తీసుకుని పడనివ్వండి. పెద్దవాళ్లు కత్తి చేతికివ్వకూడదు, కింద పెట్టి తీసుకోమనాలి అనేవారు. దాన్ని మా ఇంట్లో ఇప్పటికీ పాటిస్తాం, పిల్లలకీ నేర్పించాం.

తెగితే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి కూరొద్దు. పది నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోతే, లేదా వేలు వంచడం కష్టమైతే ఆస్పత్రికి వెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి అక్కడ అడగండి.

స్టెయిన్‌లెస్ స్టీల్ అని చెప్పి అమ్మిన కత్తికి మూడు నెలల్లోనే తుప్పు చుక్కలు వచ్చాయి. మా ఇంట్లో స్టీలు చెంచాలకి ఇరవై ఏళ్లుగా ఒక్క మచ్చ లేదు. షాపువాడు మోసం చేశాడా?
– ఒక పాఠకుడు, నరసాపురం

మోసం కాకపోవచ్చండి. చెంచా స్టీలు, కత్తి స్టీలు ఒకటి కావు. స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే స్టెయిన్‌లెస్ అంటారు. ఆ క్రోమియం గాలి తగిలి పైన ఒక సన్నని పొర కడుతుంది, అదే తుప్పుని ఆపుతుంది. మంచి చెంచాలు, గిన్నెల్లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. తుప్పుకి అది మొండిఘటమే, కానీ దాన్ని కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు, పదును నిలవదు. కత్తి గట్టిపడాలంటే కార్బన్ కావాలి. వంటింటి కత్తుల్లో ఎక్కువ భాగం 13 నుంచి 15 శాతం క్రోమియంతో, కాస్త ఎక్కువ కార్బన్‌తో చేస్తారు. పదును నిలుస్తుంది గానీ తుప్పుని తట్టుకునే శక్తి చెంచాకున్నంత ఉండదు.

దానికి తోడు మీ ఊరు. సముద్రం గాలి, ఉప్పు తగిలే బోరు నీళ్లు. ఆ క్రోమియం పొరకి పెద్ద శత్రువు ఉప్పే. ఒక్కచోట పొరని చీలుస్తుంది, అక్కడ సూదిపోటంత గుంట పడుతుంది. మీకు చుక్కలు చుక్కలుగా కనపడేది అదే. ఆవకాయ రోజుల్లో, ఎండుచేపలు కోసినప్పుడు, పులుసుకి పచ్చిమామిడి తరిగినప్పుడు కత్తిని అలాగే పలక మీద వదిలేసి పక్క పనికి వెళ్లిపోతాం. గంటసేపు ఉప్పూ పులుపూ దాని మీదే ఉంటాయి. అంతే చాలు.

పని అయిన వెంటనే కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివర్న ఒక చెంబు మంచినీళ్లు పోసి తొలవండి. పొడిబట్టతో వెంటనే తుడవండి, ఆరుతుందిలే అని వదలొద్దు. ఈ తుడవడం ఒక్కటి అలవాటైతే తుప్పు సమస్య చాలా వరకు పోతుంది. ఇప్పుడున్న చుక్కలకి వంటసోడా నీళ్లతో ముద్దగా కలిపి, మెత్తటి బట్టతో బ్లేడు పొడవునా రుద్దండి. స్టీలు పీచు వాడకండి, గీతలు పడితే ఆ గీతల్లో మళ్లీ ఉప్పు చేరుతుంది. గిన్నెలు కడిగే మిషనులో కత్తి పెట్టొద్దు. ఆ వేడీ, ఆ ఘాటైన సబ్బూ బ్లేడుకీ పిడికీ రెండింటికీ చేటు.

గ్రానైట్ గట్టు మీదే నేరుగా తరుగుతాను. కడగడం తేలిక. తప్పా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

తప్పేనండి. గ్రానైట్, గాజు, స్టీలు పళ్లెం, ఈ మూడింటి మీదా తరగొద్దు. అంచు రాయికి తగిలిన ప్రతిసారీ కొద్దిగా మడతపడుతుంది. వారంలోనే మొద్దుబారుతుంది. చెక్క పలక గానీ ప్లాస్టిక్ పలక గానీ వాడండి. కింద తడిగుడ్డ పరిస్తే పలక జారదు. చేపలకీ, మాంసానికీ వేరే పలక ఉంచుకోండి. ఒకటే ఉంటే కూరలు ముందు, చేప తర్వాత. తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసేటప్పుడు అంచుతో గీకకండి, కత్తి తిప్పి వీపుతో తోయండి.

మా వీధిలోకి సైకిల్ మీద సాన పట్టే అతను వస్తాడు. మొన్న కత్తి ఇస్తే నిప్పులు రేగేలా పట్టాడు. అంచు దగ్గర నీలంగా మారింది. ఆ రోజు బాగా తెగింది, నాలుగు రోజుల్లో మళ్లీ మామూలే. ఇంట్లో నేనే సాన పట్టుకోవచ్చా? మొదటి నుంచి చెప్పండి.
– ఒక టీచరు, కొత్తపేట

ఆ నీలం చూసి మా నాన్న బాధపడేవారు. కమ్మరి దగ్గర కత్తి రెండుసార్లు వేడి చూస్తుంది. మొదట ఎర్రగా కాల్చి ఒక్కసారి ముంచుతారు, అప్పుడు రాయిలా గట్టిపడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది. మళ్లీ సన్నగా వేడి చేసి ఎండుగడ్డి రంగు రాగానే ఆపితే పెళుసు తగ్గి పదును నిలుస్తుంది. మా నాన్న ఆ రంగు చీకట్లోనే బాగా కనపడుతుందని తెల్లవారకముందే ఆ పని చేసేవారు. వేడి ఇంకా పెరిగి సుమారు 300 డిగ్రీలకి వచ్చిందంటే రంగు నీలంలోకి తిరుగుతుంది. మీ సానచక్రం దగ్గర జరిగింది అదే. నీళ్లు తగలకుండా చక్రానికి అదిమి పట్టడంతో అంచు కాలి మెత్తబడింది. అందుకే నాలుగు రోజులకే మొద్దుబారింది. ఆ నీలం భాగం అరిగేదాకా రాయి మీద నూరితే మళ్లీ మంచి ఉక్కు వస్తుంది, కత్తిని పారేయక్కర్లేదు. ఆ సైకిల్ అతన్నీ మానెయ్యమనను. కొడవలీ, బొండాల కత్తీ ఇవ్వండి. వంటింటి కత్తిని అతనికే ఇవ్వాల్సివస్తే మధ్యమధ్య నీళ్లలో ముంచమని పక్కన నిలబడి చెప్పండి.

ఇంట్లో పట్టుకోవడం కష్టమేమీ కాదు. ఒకవైపు 400, ఇంకోవైపు 1000 అని నంబరున్న నీటి రాయి కొనండి. నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది. పదును పూర్తిగా పోతేనే 400, మామూలుగా 1000 చాలు. 3000, 6000 కూడా అమ్ముతారు, మన కూరలకి అంత అవసరం లేదు. రాయిని నీళ్లలో వేసి బుడగలు ఆగేదాకా ఉంచండి, పది నిమిషాలు పడుతుంది. తడిగుడ్డ మీద కదలకుండా పెట్టండి.

ఇప్పుడు కోణం, అసలు పని అంతా ఇందులోనే ఉంది. కత్తిని రాయి మీద పడుకోబెట్టి, వీపు కింద మీ చిటికెనవేలు దూరేంత ఎత్తు లేపండి. ఎనిమిదంగుళాల కత్తికి అది అర అంగుళం పైన ఉంటుంది, అంటే 15 నుంచి 20 డిగ్రీల మధ్య. ఆ ఎత్తు చివరిదాకా మారకూడదు. రెండో చేతి వేళ్లతో బ్లేడు మీద సన్నగా అదుముతూ, పిడి దగ్గర నుంచి మొన దాకా అంచంతా రాయికి తగిలేలా ముందుకీ వెనక్కీ నడపండి. బలం వద్దు, గారె పిండి అద్దేంత బరువు చాలు. రాయి మీద బూడిదరంగు బురద వస్తుంది, దాన్ని కడగకండి, పదును పెట్టడానికి అదీ సాయం చేస్తుంది.

ఎంతసేపు అని అందరూ అడుగుతారు. నిమిషాలు లెక్కపెట్టకండి, వేలితో చూడండి. ఒకవైపు నూరాక, రెండో వైపు వీపు నుంచి అంచు మీదుగా బయటికి బొటనవేలు నెమ్మదిగా జార్చండి. సన్నని గరుకు తగులుతుంది, అంచు అవతలికి మడిచినట్టు. అంచు పొడవునా ఆ గరుకు వచ్చిందంటే ఆ వైపు అయిపోయింది. కత్తి తిప్పి రెండో వైపు అంతే. తర్వాత చెయ్యి తేలిక చేస్తూ అటు రెండు, ఇటు రెండు, అటు ఒకటి, ఇటు ఒకటి. గరుకు పోతుంది. కడిగి తుడిచి పండు టమాటా మీద పెట్టండి. నొక్కకుండా తోలు తెగితే మీ చెయ్యి నేర్చుకుంది. తెగకపోతే కోణం ఎక్కడో లేచింది, మళ్లీ పట్టండి. మొదటిసారి నాకూ అరగంట పట్టింది, నాన్న పక్కనే కూర్చుని ఒక్క మాట అనలేదు.

ఇంటి వాడకానికి రెండు మూడు నెలలకోసారి రాయి చాలు. ఈ మధ్యలో స్టీలు కడ్డీ ఉంటే వారానికి ఒకటి రెండుసార్లు, చెరోవైపు నాలుగైదు సార్లు తేలిగ్గా దువ్వండి. కడ్డీ పదును పెట్టదు, వాడకంలో పక్కకి ఒరిగిన అంచుని నిలబెడుతుంది. కడ్డీ దువ్వినా టమాటా తోలు జారుతుందంటే అప్పుడు రాయి తియ్యండి. సందులో పెట్టి లాగే చిన్న ప్లాస్టిక్ పరికరాలు ఇనుముని ఎక్కువగా తినేస్తాయి. ఎవరైనా బహుమతిగా ఇస్తే చవక కత్తికి వాడుకోండి. ఏదీ చేతిలో లేని రోజున పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు పూయని గరుకు అంచు ఉంటుంది, దాని మీద నాలుగుసార్లు పడితే ఆ పూట గడుస్తుంది.

మా అబ్బాయి అమెరికా నుంచి ఖరీదైన జపాన్ కత్తి తెచ్చాడు. పండుగప్ప తల కొట్టబోతే అంచులో రెండు చోట్ల ముక్కలు ఊడాయి. అంత డబ్బు పోసిన కత్తి మా పాత కత్తిపాటి చెయ్యలేదేంటి?
– ఒక రొయ్యల రైతు, భీమవరం

అన్నగారూ, కత్తి మంచిదే, పని దానిది కాదు. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ అనే కొలతతో చెబుతారు. యూరప్ తరహా వంటింటి కత్తులు 55 నుంచి 58 దగ్గర ఉంటాయి. జపాన్ కత్తుల్లో చాలావాటికి 60 దాటుతుంది. గట్టిదనం ఎక్కువైతే అంచుని ఇంకా పల్చగా తియ్యవచ్చు, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. దానితో పాటు పెళుసూ పెరుగుతుంది. ఎముకకి తగిలినప్పుడు మెత్తటి కత్తి అంచు వంగుతుంది, గట్టి కత్తి అంచు విరుగుతుంది. మీ పాత కత్తి వంగి బతికింది.

చేప తలకీ, పీత డెక్కలకీ, కొబ్బరికాయకీ, గడ్డకట్టిన ఫ్రిజ్ మాంసానికీ ఆ కత్తి తియ్యకండి. అంచు లోపల ఉండగా పక్కకి మెలితిప్పకండి. తల కొట్టడానికి మీ బరువైన కత్తో, బజారులో చేపలు కోసేవాళ్ల పెద్ద కత్తిపీటో ఉండనే ఉంది. అబ్బాయి తెచ్చినదానితో ఉల్లిపాయ తరిగి చూడండి, కొత్తిమీర తరిగి చూడండి, పండుగప్పనే ముల్లు లేకుండా పల్చని ముక్కలు తీసి చూడండి. అప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఊడిన చోట్లు గోరంచు కంటే చిన్నవైతే 400 రాయి మీద ఓపిగ్గా నూరితే పోతాయి. పెద్దవైతే నీళ్ల చక్రం ఉన్న పనివాడికివ్వండి. ఆ కత్తికి గీతల స్టీలు కడ్డీ వాడొద్దు, పింగాణీ కడ్డీయే వాడండి. అబ్బాయికి ఫోన్‌లో ఈ సంగతి చెప్పకపోయినా పరవాలేదు, నూరాక ఫోటో పంపండి.

అరటికాయ తరిగితే ముక్కలూ కత్తీ నల్లబడతాయి. పనస పట్టుకుంటే బంక వదలదు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

ఇనప కత్తి అయితే అరటికాయలో వగరు ఇనుముతో కలిసి నలుపెక్కుతుంది. స్టెయిన్‌లెస్ కత్తికి ఆ బాధ బాగా తక్కువ. గాలికి నల్లబడేది మాత్రం ఏ కత్తితో తరిగినా ఉంటుంది, ముక్కల్ని వెంటనే మజ్జిగ నీళ్లలో వెయ్యండి. అరటి దూటకీ అంతే. పనసకి, మొదలుపెట్టకముందే కత్తికీ చేతులకీ నూనె రాయండి. అప్పటికే అంటుకున్న బంకని నీళ్లతో రుద్దకండి, నూనె గుడ్డతో తుడిచి ఆ తర్వాత సబ్బు పెట్టండి. పనసపొట్టు మాత్రం ఇంట్లో షెఫ్ నైఫ్‌తో కొట్టకండి. బజారులో కొట్టి అమ్మేవాళ్ల చేతిలో ఆ బరువు కత్తి చూడండి, అది వేరే పని.

అమ్మ పోయి రెండేళ్లు. ఆవిడ కత్తిపీట అటక మీద దొరికింది. కత్తి అంతా తుప్పు, పీటలో కదులుతోంది, కొబ్బరి కోరే పళ్లు మొద్దుబారాయి. మా కోడలు గట్టు దగ్గర నిలబడి కత్తితోనే తరుగుతుంది, దీన్ని వాడేవాళ్లు లేరు. పాత ఇనుము వాడికి వేయడానికి మనసొప్పడం లేదు. బాగుచెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

వెయ్యకండమ్మా. పైకి ఎంత తుప్పున్నా లోపల ఇనుము బాగానే ఉంటుంది. నా దగ్గరికి ఇలాంటివి నాలుగు వచ్చాయి, నాలుగూ బతికాయి.

ముందు పీట లోంచి కత్తి ఊడదీయండి. నానబెట్టిన చింతపండు గుజ్జు మందంగా పట్టించి ఒక రాత్రి వదిలేయండి. పులుపు తుప్పుని కరిగిస్తుంది. పొద్దున్నే కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. లోతు తుప్పుకి రెండుసార్లు పెట్టాల్సివస్తుంది. వెంటనే తుడిచి ఎండలో పెట్టండి, లేకపోతే మధ్యాహ్నానికే ఎర్రబడుతుంది. లోపలి వంపు అంచుకి చదును రాయి అందదు. ఒకవైపు గుండ్రంగా ఉండే ఆకురాయి ఇనప సామాను షాపులో దొరుకుతుంది, దానితో వంపు వెంబడే ఒకే దిక్కుకి లాగండి. కొబ్బరి పళ్లకి మూడు పలకల సన్నని ఆకురాయి కావాలి, ఒక్కో సందులో నాలుగుసార్లు చాలు. పీట చెక్క బీటలు లేకపోతే కత్తి మళ్లీ బిగించి, పక్కన చిన్న చెక్క మేకు కొట్టించండి, కదలదు. వాడిన ప్రతిసారీ తుడిచి, వేళ్లకి అంటిన కొబ్బరినూనె కత్తికి రాయండి. అది మిగతా నూనెలంత తొందరగా కంపు కొట్టదు, మీ ఊళ్లో దానికి కరువూ లేదు.

మీ కోడల్ని కత్తి మానమనకండి, నడుముకి నిలబడి తరగడమే నయం. కానీ కొబ్బరి కోరడానికి, పెద్ద గుమ్మడికాయ చెక్కలు చెయ్యడానికి, అరటి దూట నారతీస్తూ సన్నగా తరగడానికి పీటని మించింది నాకు కనపడలేదు. సంక్రాంతికి గుమ్మడికాయ పులుసు పెడతారుగా, ఆ రోజు దించండి. దసరాకి కోడలి కత్తితో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టండి.

తుప్పు వదిలాక ఒక్కసారి కత్తి వీపు పక్కన, పీటలో దిగే చోటికి కాస్త పైన చూడండి. మీ వైపు తోటల వాళ్లకి మా నాన్న చాలా కత్తిపీటలు చేసిచ్చారు. తను చేసినవాటి మీద అక్కడ ఉలితో మూడు చుక్కలు పెట్టేవారు. కనపడితే నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.